మన దొడ్డి – మన మరమ్మతు

ఇల్లు కట్టగానే పని అయిపోదు. ఏటా సున్నం వేస్తాం. వానాకాలానికి ముందు కప్పు చూసుకుంటాం. గడప విరిగితే మార్చుకుంటాం. పొయ్యి పగిలితే మట్టి మెత్తుతాం. మరి మరుగుదొడ్డి సంగతేమిటి? దాన్ని కట్టించిన రోజు చూస్తాం. మళ్ళీ అది పాడైన రోజే చూస్తాం.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మిషన్ మొదలైంది. ఆ పథకం కింద పల్లెల్లో మరుగుదొడ్డి కట్టుకున్న అర్హులైన కుటుంబాలకు 12,000 రూపాయల సాయం ఇచ్చారు. ఊరూరా దొడ్లు లేచాయి. అప్పుడు కట్టినవి ఇప్పుడు పాతబడ్డాయి. కొన్నింటిలో బేసిన్ చుట్టూ సందు పడింది. కొన్నింటిలో బేసిన్ కదులుతోంది. కొన్నింటిలో కుళాయి కారుతోంది. చిన్న లోపమే. కానీ ఆ చిన్న లోపం వల్ల తలుపు మూసేస్తారు. లోపల కట్టెలు, పిడకలు పేరుస్తారు. ఆడవాళ్ళు మళ్ళీ చీకటి పడేదాకా కడుపు బిగపట్టుకుని కూర్చుంటారు.

చాలా లోపాలను ఇంట్లో వాళ్ళే కనిపెట్టవచ్చు. కొన్నింటిని సొంతంగా బాగుచేసుకోవచ్చు. కొన్నింటికి మేస్త్రి కావాలి. ఏది మన పని, ఏది మేస్త్రి పని అని తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఆరోగ్యం కూడా మిగులుతుంది.

దొడ్డిలో ఏ భాగం ఏ పని చేస్తుంది?

ముందు భాగాలు తెలుసుకోవాలి. పేరు తెలిస్తే మేస్త్రితో మాట్లాడటం తేలిక.

బేసిన్: కూర్చునే చోట నేలలో అమర్చిన పింగాణీ తొట్టి. దాని రెండు పక్కలా పాదాలు పెట్టుకునే దిమ్మెలు ఉంటాయి.

ట్రాప్: బేసిన్ కింద ఉండే వంపు గొట్టం. హంస మెడలాగా వంగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలుస్తుంది. ఆ నీరే తలుపు. గుంతలోని వాసనను అది పైకి రానివ్వదు. ఈగలను, దోమలను లోపలికి పోనివ్వదు, బయటికి రానివ్వదు. పల్లెల్లో వాడే దొడ్లకు ఈ నీటి తలుపు సుమారు 2 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. అంటే బొటనవేలు వెడల్పంత. అందుకే రెండు లీటర్ల నీళ్ళు పోస్తే చాలు, మలం జారిపోతుంది.

గొట్టం: ట్రాప్ నుంచి బయటికి వెళ్తుంది. గుంత వైపు వాలుగా ఉంటుంది. వాలు లేకపోతే మలం మధ్యలోనే ఆగుతుంది.

గది పెట్టె: రెండు గుంతలున్న దొడ్డికి మధ్యలో చిన్న చతురపు పెట్టె కడతారు. దానిలోంచి రెండు దారులు ఉంటాయి. ఒక దారి తెరిచి, రెండో దారి ఇటుకతోనో మట్టితోనో మూసి ఉంచాలి.

గుంత: సిమెంటు వరలతో గానీ, సందులు వదిలి పేర్చిన ఇటుకలతో గానీ కడతారు. నీరు మట్టిలోకి ఇంకుతుంది. మలం మిగిలి మెల్లగా ఎరువుగా మారుతుంది.

సెప్టిక్ ట్యాంకు వేరు. దానికి అడుగు, గోడలు అన్నీ గచ్చుతో మూసి ఉంటాయి. నీరు ఇంకదు. అందులో గ్యాసు చేరుతుంది. దాని గురించి చివర్లో చదవాలి. అది ప్రాణానికి సంబంధించిన మాట.

ఒక ఇంట్లో ఏం జరిగింది?

ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు. దొడ్డి వెనక గోడ మొదట్లో ఎప్పుడూ తడిగా ఉండేది. గోడకు తెల్లగా ఉప్పు పొడి పూసింది. తడిలో గడ్డి మొలిచింది. లోపల వాసన మొదలైంది.

కొడుకు మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి గుమ్మంలో నిలబడే చూశాడు. "మొత్తం పగలగొట్టి కొత్తగా కట్టాలి. వేలల్లో అవుతుంది" అన్నాడు. ఇంట్లో అంత డబ్బు లేదు. "పంట వచ్చాక చూద్దాంలే" అన్నాడు కొడుకు. దొడ్డికి తలుపు వేసి, లోపల కట్టెలు పెట్టారు.

అత్తకు మోకాళ్ళ నొప్పులు. తెల్లవారకముందే చెంబు పట్టుకుని చెరువు గట్టుకు నడిచేది. ఒక రోజు గట్టు మీద జారి పడింది. చెయ్యి వాచింది. ఆ రోజు నుంచి సాయంత్రం పూట అన్నం సగమే తినేది. నీళ్ళు తాగడం తగ్గించింది.

కోడలు గమనించింది. "అత్తా, ఎందుకు తినడం లేదు?" అని అడిగింది.

"తింటే పోవాలి. పోతే పడతాను. నాకెందుకే ఈ తంటా?" అంది అత్త.

కోడలికి మనసు ఆగలేదు. మరునాడు కట్టెలు బయటికి తీసింది. నీళ్ళు పోసి, చీపురుతో నేలంతా కడిగింది. అప్పుడు కనిపించింది. బేసిన్ అంచుకూ గచ్చుకూ మధ్య ఒక సందు ఉంది. అందులో గోరు పడుతోంది. ఒక పక్క జానెడు పొడుగు ఉంది.

"ఇదేనేమో అత్తా, నీళ్ళు పోయే దారి!" అంది.

"నువ్వు మేస్త్రివా? పగలగొట్టాలని ఆయనే చెప్పాడు కదా" అంది అత్త.

"ఆయన గుమ్మంలోంచి చూశాడు. నేను లోపలికి వచ్చి చూస్తున్నాను" అంది కోడలు.

అనుమానం నిజమో కాదో తేల్చాలి. ఊహ మీద గచ్చు పగలగొట్టకూడదు. అందుకు మూడు పరీక్షలు ఉన్నాయి. కోడలు మూడూ చేసింది.

మూడు పరీక్షలు

మొదటిది కదిలించి చూసే పరీక్ష. ఒక కాలు ఒక దిమ్మె మీద, రెండో కాలు రెండో దిమ్మె మీద పెట్టి నిలబడాలి. బరువు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వెయ్యాలి. బేసిన్ అంచు కదిలితే తెలుస్తుంది. తర్వాత చెక్క ముక్కతో చుట్టూ మెల్లగా తట్టాలి. గట్టి చప్పుడు వస్తే కింద నింపు సరిగ్గా ఉన్నట్టు. కుండ మీద తట్టినట్టు డొల్ల చప్పుడు వస్తే కింద ఖాళీ ఏర్పడినట్టు.

రెండవది పుల్ల పరీక్ష. ట్రాప్ బాగుందా, పగిలిందా అని తెలుసుకోవడానికి ఇది. రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంబు నీళ్ళు పొయ్యాలి. నీరు కదలకుండా నిలిచాక, సన్నని పుల్లను బేసిన్ అడుగుకు ఆనేలా ముంచాలి. తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి గుర్తు గీయాలి. రాత్రంతా ఎవరూ వాడకూడదు. తెల్లారి అదే చోట మళ్ళీ ముంచాలి. నీరు గుర్తు దగ్గరే ఉంటే ట్రాప్ బాగున్నట్టు. నీరు బాగా తగ్గినా, పూర్తిగా పోయినా ట్రాప్ పగిలినట్టు. పుల్లను పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎండాకాలంలో చాలా రోజులు ఊరికి వెళ్తే, ట్రాప్‌లో నీరు ఆవిరైపోతుంది. అది పగలడం కాదు. తిరిగి వచ్చి ఒక చెంబు పోస్తే సరిపోతుంది.

మూడవది నీలిమందు పరీక్ష. తెల్లబట్టలకు పెట్టే నీలిమందును ఒక బకెట్టు నీళ్ళలో చిక్కగా కలపాలి. ముందు రోజు ఆ నీళ్ళు బేసిన్ లోపలికి మాత్రమే పొయ్యాలి. గచ్చు మీద చుక్క పడకూడదు. తర్వాత గంట ఆగి వెనక గోడ మొదలు, గొట్టం అతుకులు చూడాలి. అక్కడ నీలిరంగు గానీ, కొత్త తడి గానీ కనిపిస్తే లోపం ట్రాప్‌లోనో గొట్టం అతుకులోనో ఉన్నట్టు. కనిపించకపోతే ఒక రోజు ఆరనివ్వాలి. మరునాడు నీలినీళ్ళు బేసిన్ చుట్టూ గచ్చు మీద పొయ్యాలి. ఇప్పుడు బయట తడి వస్తే, నీరు పోయేది అంచు సందులోంచే.

ఈ పరీక్ష చేసేటప్పుడు కుళాయి కారకుండా చూసుకోవాలి. లేకపోతే ఏ తడి దేనిదో తెలియదు.

కోడలి ఇంట్లో ఏం తేలింది? బేసిన్ కదల్లేదు. పుల్ల మీది గుర్తు తెల్లారి కూడా అక్కడే ఉంది. మొదటి రోజు గోడ మొదట్లో రంగు రాలేదు. రెండో రోజు కాసేపటికి గోడ కింద నీలిగా తడి ఊరింది.

కోడలు మేస్త్రిని మళ్ళీ పిలిచింది. జరిగింది వరసగా చెప్పింది. మేస్త్రి ఈసారి లోపలికి వచ్చి, వంగి చూశాడు. చెక్కతో తట్టి చూశాడు. "నిజమే చెల్లెమ్మా. పగలగొట్టక్కర్లేదు. సందు పూడిస్తే చాలు. ఇంకా వదిలేస్తే ఆ నీరు కింది ఇసుకను కోసుకుపోయేది. అప్పుడు బేసిన్ కదిలేది. అప్పుడైతే పగలగొట్టక తప్పదు" అన్నాడు.

సందు పూడ్చడం ఎలా?

ఇది ఇంట్లో వాళ్ళు చేసుకోగల పని. కావలసినవి తక్కువ.

కొద్దిగా సిమెంటు లేదా వైట్ సిమెంటు. జల్లించిన సన్న ఇసుక. చిన్న తాపీ. ఉలి, సుత్తి. ఇనుప తీగల బ్రష్. పాత గుడ్డ. గోనె సంచి. చేతులకు రబ్బరు తొడుగులు.

తొడుగులు ఎందుకు? తడి సిమెంటు చర్మాన్ని తింటుంది. వేళ్ళ సందులు పుండు పడతాయి. తొడుగులు లేకపోతే చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకోవచ్చు. సిమెంటు కంట్లో పడితే నలపకూడదు. వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. మంట తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

పని ఇలా చెయ్యాలి.

1. దొడ్డిని శుభ్రంగా కడగాలి. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. తడి సందులో ఏముందో కనిపించదు.

2. సందులో వదులైన పాత గచ్చును ఉలితో మెల్లగా తియ్యాలి. ఉలిని బేసిన్ వైపు వంచకూడదు. పింగాణీకి దెబ్బ తగిలితే పగులుతుంది. గచ్చు వైపే వంచాలి.

3. తీగల బ్రష్‌తో సందు లోపల రుద్దాలి. నాచు, దుమ్ము, సబ్బు జిడ్డు అంతా పోవాలి. జిడ్డు మీద సిమెంటు అంటుకోదు. నాలుగు రోజుల్లో పెచ్చు ఊడుతుంది.

4. పని మొదలుపెట్టే ముందు సందును తడి గుడ్డతో తడపాలి. తడి ఉండాలి, నీరు నిలవకూడదు. పొడి గచ్చు కొత్త సిమెంటులోని నీరు తాగేస్తుంది. అప్పుడు సిమెంటు బీటలు వారుతుంది.

5. సన్నని సందు అయితే సిమెంటును ఒక్కదాన్నే నీళ్ళతో ముద్దగా కలపాలి. వేలు పట్టే సందు అయితే 1 వంతు సిమెంటుకు 3 వంతుల ఇసుక కలపాలి. గ్లాసుతో కొలిస్తే తేలిక. 1 గ్లాసు సిమెంటు, 3 గ్లాసుల ఇసుక. ముందు పొడిగా కలపాలి. తర్వాత నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యాలి. చపాతీ పిండికన్నా కొంచెం మెత్తగా ఉంటే చాలు. నీళ్ళు ఎక్కువైతే బలం తగ్గుతుంది.

6. అరగంటలో వాడగలిగినంతే కలపాలి. గట్టిపడిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి వాడకూడదు.

7. తాపీ కొసతో మాలును సందు లోపలికి గట్టిగా కూరాలి. పైపైన పూస్తే లాభం లేదు.

8. పై భాగాన్ని బేసిన్ వైపు కొంచెం వాలుగా నునుపు చెయ్యాలి. పోసిన నీళ్ళు బేసిన్‌లోకే జారాలి. ఎక్కడా నిలవకూడదు.

9. పింగాణీ మీద అంటిన సిమెంటును వెంటనే తడి గుడ్డతో తుడవాలి. ఎండితే రాదు.

10. మరునాటి నుంచి తడి గోనె సంచి కప్పి ఉంచాలి. ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. పసిబిడ్డకు పాలు ఎలాగో, కొత్త సిమెంటుకు నీళ్ళు అలాగ. కనీసం మూడు రోజులు దొడ్డి వాడకూడదు. ఆ మూడు రోజులూ పక్కింటి వాళ్ళను అడిగి పెట్టుకోవాలి.

ఏడు రోజుల తర్వాత నీలిమందు పరీక్ష మళ్ళీ చెయ్యాలి. తడి రాకపోతే పని గెలిచినట్టు.

బేసిన్ కదులుతుంటే?

ఇది మేస్త్రి పని. పైన సిమెంటు పూస్తే ఆగదు. కింద ఖాళీ ఉన్నంతకాలం బేసిన్ కదులుతూనే ఉంటుంది. కదిలినప్పుడల్లా ట్రాప్ అతుకు మీద భారం పడుతుంది. ఆ అతుకు ఊడితే మురుగు నేల కిందికి దిగుతుంది. పక్కన బావి గానీ, చేతిపంపు గానీ ఉంటే ఆ మురుగు తాగే నీళ్ళలో కలుస్తుంది. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. ముందుగా పడకేసేది పసిపిల్లలే. కనుక కదిలే బేసిన్‌ను రేపటికి వాయిదా వెయ్యకూడదు.

మేస్త్రి పని చేస్తుంటే ఇంటావిడ దగ్గర నిలబడి చూడాలి. ఏం చూడాలి?

బేసిన్ చుట్టూ గచ్చు తీసి, బేసిన్‌ను పైకి ఎత్తారా? ట్రాప్ పగిలిందా లేదా చూపించారా? బేసిన్‌కూ ట్రాప్‌కూ మధ్య అతుకులో సిమెంటు మాలు నిండుగా పెట్టారా? బేసిన్ కింద ఇటుక ముక్కలు, ఇసుక, సిమెంటుతో ఖాళీ లేకుండా నింపారా? మట్టి నింపితే అది మళ్ళీ కుంగుతుంది. రసమట్టం పెట్టి చూశారా? బేసిన్ అంచు గచ్చుకన్నా కొంచెం దిగువగా ఉందా? చివరగా నీళ్ళు పోసి చూపించారా?

ఇవన్నీ అడగడం తప్పు కాదు. డబ్బు ఇచ్చేది ఇంటి వాళ్ళు. వాడుకునేది ఇంటి వాళ్ళు. మంచి మేస్త్రి అడిగితే చెప్తాడు.

కుళాయి కారుతుంటే?

కుళాయి కట్టినా చుక్క చుక్క పడుతోందంటే, ఎక్కువసార్లు లోపలి వాషర్ అరిగి ఉంటుంది. వాషర్ అంటే చిన్న రబ్బరు బిళ్ళ. హార్డ్‌వేర్ కొట్టులో దొరుకుతుంది. పాత బిళ్ళ చూపించి అదే కొలత అడగాలి.

ముందు పైనుంచి వచ్చే నీటిని వాల్వు దగ్గర కట్టెయ్యాలి. కుళాయి తెరిచి గొట్టంలో మిగిలిన నీళ్ళు కారనివ్వాలి. తర్వాత పానాతో కుళాయి తలను ఎడమ వైపుకు తిప్పి ఊడదియ్యాలి. రెండో చేత్తో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే గోడలోని గొట్టం మెలిక పడుతుంది. పాత బిళ్ళ తీసి, కొత్తది పెట్టి, తల మళ్ళీ బిగించాలి. కుళాయి గోడకు తగిలే చోట కారుతుంటే, కుళాయి విప్పి మరల మీద తెల్ల టేపు పది చుట్లు చుట్టి బిగించాలి. చుట్టు కుడి వైపుకు తిరగాలి. ఎడమకు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడివస్తుంది.

కుర్చీ దొడ్డి ఉంటే?

ముసలివాళ్ళ కోసం, మోకాళ్ళ నొప్పుల వాళ్ళ కోసం కొన్ని ఇళ్ళలో కుర్చీలాంటి కమోడ్ పెడుతున్నారు. అది ఊగుతుంటే ముందు అడుగున రెండు పక్కలా ఉన్న మరలు చూడాలి. వదులైతే పానాతో బిగించాలి. ఒక పక్క కొంచెం, రెండో పక్క కొంచెం, ఇలా మార్చి మార్చి తిప్పాలి. బలం కొద్దీ బిగిస్తే పింగాణీ పగులుతుంది. మర బిగిసినా ఊగుతుంటే, అడుగున నీరు ఊరుతుంటే మేస్త్రిని పిలవాలి. ఊగే కమోడ్ మీద ముసలివాళ్ళను కూర్చోబెట్టకూడదు.

దాని వెనక ఉండే నీళ్ళ తొట్టి కారుతోందా? తొట్టిలో కొంచెం నీలిమందు వేసి, అరగంట వాడకుండా ఉంచాలి. నొక్కకుండానే కింద రంగు కనిపిస్తే తొట్టి అడుగున ఉన్న రబ్బరు మూత అరిగినట్టు. మూత మారిస్తే చాలు.

ఈ పనులు చేయకూడదు

దొడ్డి బిగుసుకుంటే ఇనుప చువ్వతో పొడవకూడదు. ట్రాప్ పగులుతుంది. వంగే వెదురు బద్దతో గానీ, రబ్బరు పంపుతో గానీ మెల్లగా నెట్టాలి. గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లు, నెలసరి గుడ్డలు, బీడీ ముక్కలు అందులో వెయ్యకూడదు. దొడ్డి బిగుసుకునేది ఎక్కువగా వీటితోనే.

ఆసిడ్ పోసి కడగకూడదు. అది సిమెంటు అతుకులను తింటుంది. సబ్బు పొడి, బ్రష్ చాలు.

ఆసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపి ఎప్పుడూ వాడకూడదు. వాటిలోంచి విషవాయువు వస్తుంది. చిన్న గదిలో ఊపిరి ఆడదు.

రెండు గుంతలకూ ఒకేసారి దారి తెరవకూడదు. ఒకటి నిండాక దాన్ని మూసి రెండోది తెరవాలి. నిండిన గుంతను ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు అలాగే వదలాలి. అప్పుడు మలం వాసన లేని పొడి ఎరువు అవుతుంది.

గుంత మూతను కదిలేలా వదలకూడదు. పగిలిన మూత మీద పిల్లలు గెంతుతారు. పగులు చూసిన రోజే మూత మార్చాలి. అంతవరకు చుట్టూ ముళ్ళకంప వెయ్యాలి.

కొత్త గుంత తవ్వితే బావికి, చేతిపంపుకు కనీసం 10 మీటర్ల దూరంలో తవ్వాలి. అంటే సుమారు 33 అడుగులు.

గుంతలోకి, ట్యాంకులోకి దిగకూడదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

సెప్టిక్ ట్యాంకులో, వాడుకలో ఉన్న గుంతలో విషవాయువులు చేరుతాయి. ఒకటి కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. "వాసన లేదు, భయం లేదు" అని దిగిన మనిషి అక్కడే పడిపోతాడు. ఇంకొకటి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అందుకే మూత తెరిచిన చోట అగ్గిపుల్ల, బీడీ, దీపం ఉండకూడదు.

ఒకరు పడితే కాపాడాలని రెండోవారు దిగుతారు. వాళ్ళూ పడతారు. ఇలా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన ఊళ్ళు ఉన్నాయి. ఎవరైనా పడితే దిగకూడదు. కేకలు వేసి జనాన్ని పిలవాలి. అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 చెయ్యాలి.

"కూలి ఇస్తాం, ఎవరో ఒకరు దిగుతారులే" అనుకోవడం తప్పు. ఆ ఎవరో కూడా ఒక ఇంటి మనిషే. తరతరాలుగా ఈ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టారు. దాన్ని ఆపడానికి 2013లో చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారి చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఈ పని పోవాలని ఏళ్ళ తరబడి పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ట్యాంకు నిండితే పీల్చే యంత్రం ఉన్న లారీని పిలవాలి. పంచాయతీలో అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. మురుగును చెరువులో, కాలువలో వదలనివ్వకూడదు.

చదివారు కదా, ఇప్పుడు చెప్పండి

1. ట్రాప్‌లో నిలిచే నీరు ఏం పని చేస్తుంది?
2. నీలినీళ్ళను ముందు బేసిన్‌లోకే ఎందుకు పొయ్యాలి? గచ్చు మీద ఎందుకు పొయ్యకూడదు?
3. అత్త అన్నం ఎందుకు తగ్గించింది? మీ ఇంట్లో, మీ వీధిలో అలా ఎవరైనా ఉన్నారా?
4. కదిలే బేసిన్‌కు పైన సిమెంటు పూస్తే ఎందుకు ఆగదు?
5. ఆసిడ్‌తో ఏది కలపకూడదు?

లెక్క చెయ్యండి

కారే కుళాయి కింద గ్లాసు పెట్టారు. గంటకు ఒక గ్లాసు నిండింది. గ్లాసుకు 200 మిల్లీలీటర్లు. రోజుకు ఎన్ని లీటర్లు పోతున్నాయి? నెలకు ఎన్ని? దొడ్డికి ఒకసారి 2 లీటర్లు చాలు. నెలలో కారిన నీళ్ళు ఎన్నిసార్లకు సరిపోతాయి?

(జవాబు: రోజుకు 4 లీటర్ల 800 మిల్లీలీటర్లు. 30 రోజులకు 144 లీటర్లు. 72 సార్లకు సరిపోతాయి.)

రాయండి

మీ ఊరి కొట్టులో ధరలు అడిగి నోటుపుస్తకంలో రాయండి: కిలో సిమెంటు, కుళాయి వాషర్, తెల్ల టేపు, నీలిమందు. మొత్తం ఎంతైందో కూడండి.

ఈ వారం చెయ్యండి

మీ దొడ్డిలో మూడు పరీక్షలు చెయ్యండి. తేదీ వేసి, ఏం తేలిందో రాసి పెట్టుకోండి. పొదుపు సంఘం కూర్చున్న రోజు చదివి వినిపించండి. ఎవరి ఇంట్లో తలుపు మూసి కట్టెలు పెట్టారో అడగండి. నలుగురూ కలిసి ముందు ఆ ఇంటికే వెళ్ళండి.